మడత మెషీన్ సెట్టింగ్: మొదటి యాభై షీట్లు చిత్తుకే అనుకుని మొదలుపెట్టండి

కొత్తగా మడత మెషీన్ కొన్నవాళ్లు నాకు ఫోన్ చేస్తే మొదటి మాట దాదాపు ఒకటే ఉంటుంది. "అన్నా, వంకరగా మడుస్తోంది, సర్వీసువాళ్లని పిలవమంటావా?" నేను ఎదురు అడిగేదీ ఒకటే: "కాగితం ఎక్కడ కోయించావు?" అవతల కాసేపు చప్పుడుండదు. మెషీన్ గురించి అడిగితే ఈయన కాగితం గురించి అడుగుతాడేంటి అనుకుంటారు కాబోలు. కానీ మడత తేడాగా వచ్చిందంటే చాలాసార్లు తప్పు మెషీన్ దాకా రాకముందే జరిగిపోయి ఉంటుంది, కోతలోనో, గ్రెయిన్‌లోనో (కాగితంలో పీచు సాగిన దిక్కు), చెమ్మలోనో. అందుకే ఇక్కడ సగం కాగితం గురించే రాస్తున్నాను, విసుక్కోకండి.

నేను చెప్పేది టేబుల్ మీద పెట్టుకునే రెండు ప్లేట్ల మెషీన్ గురించి. జిరాక్స్ షాపుల్లో, చిన్న ప్రెస్సుల్లో, కాలేజీ ఆఫీసుల్లో కనిపించే రకం. ఏ4, కొన్ని ఏ3 వరకు తీసుకుంటాయి, రబ్బరు రోలర్ పైనున్న షీటుని రాసుకుంటూ లోపలికి లాగుతుంది. పుస్తకాల ఫారాలు మడిచే పెద్ద మెషీన్ల కథ వేరే, వాటికి గాలితో షీటుని ఎత్తే ఫీడరు, అడ్డమడతకి కత్తి ఉంటాయి, దాని జోలికి ఇప్పుడు పోను.

లోపల ఏం జరుగుతుందో ముందు తెలియాలి, తెలియకుండా నట్లు తిప్పితే రోజంతా తిప్పుతూనే ఉంటాం. ఒక కాగితం ముక్క తీసుకుని దాని అంచుని గోడకి ఆనించి వెనక నుంచి మెల్లగా నెట్టండి. ముందుకి దారి లేదు కాబట్టి మధ్యలో ఉబ్బుతుంది. ఆ ఉబ్బుని రెండు వేళ్లతో పట్టి నొక్కితే మడత పడింది. మెషీన్ చేసేదీ ఇంతే. షీటు మొదటి ప్లేటులోకి, అంటే షీటు దూరేంత సన్నటి సందున్న పలకలోకి, వెళ్తుంది, లోపల ఉన్న స్టాపర్‌కి కొట్టుకుని ఆగుతుంది, వెనక నుంచి రోలర్లు నెడుతూనే ఉంటాయి, ఉబ్బిన చోటుని కింది రెండు రోలర్లు పట్టి లాగేస్తాయి. అంటే స్టాపర్ ఎంత దూరంలో ఉంటే, షీటు ముందు అంచు నుంచి అంత దూరంలో మడత పడుతుంది. తర్వాత ఆ మడతే ముందు అంచై రెండో ప్లేటులోకి వెళ్తుంది, అక్కడ రెండో స్టాపర్. ఈ రెండు కొలతలే మెషీన్ మొత్తం. మిగతాదంతా షీటు తిన్నగా, ఒక్కొక్కటిగా లోపలికి వెళ్లేలా చూడటమే.

మెషీన్ ఎక్కడ పెట్టాలి

ఊగని బల్ల మీద. ప్లాస్టిక్ టేబుళ్ల మీద పెట్టినవాళ్లని చూశాను, మెషీన్ వేగం పెంచగానే బల్ల వణుకుతుంది, దాంతో బయటకొచ్చిన షీట్లు చెల్లాచెదురు. ఫోన్లో మట్టం చూసే యాప్ ఉంటుంది కదా, దాన్ని మెషీన్ మీద పెట్టి నాలుగు కాళ్లూ సమంగా ఉన్నాయో లేదో చూడండి. సీలింగ్ ఫ్యాన్ కిందా, ఏసీ గాలి నేరుగా తగిలేచోటా వద్దు, మడతపడిన తేలిక కాగితాలు డెలివరీ దగ్గర, అంటే బయటకొచ్చే చోట, ఎగిరి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్ ఉన్న సాకెట్ తప్పనిసరి. ఎర్తింగ్ షాక్ కొట్టకుండా ఉండటానికే కాదు, స్టాటిక్ తగ్గడానికి కూడా పనికొస్తుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

డబ్బా విప్పాక రోలర్ల మధ్య రవాణా కోసం పెట్టిన ఫోమ్ ముక్కలు, టేపులు అన్నీ తీశామా లేదా అని టార్చి వేసి చూడండి. కరెంటు పెట్టకముందే పక్కనున్న చేతి చక్రాన్ని రెండు మూడు చుట్లు తిప్పండి. ఎక్కడా పట్టేయకుండా తిరిగితేనే ప్లగ్గు పెట్టండి.

ఇంకో మాట, తిరిగే రోలర్ల దగ్గర చున్నీ, చీర కొంగు, మెడలో ఐడీ కార్డు తాడు, విప్పిన జుట్టు ఏవీ వేలాడకూడదు. చిన్న మెషీనే కదా అనిపిస్తుంది, కానీ రోలర్‌కి పట్టుకోవడం తప్ప వదలడం తెలియదు.

ఇక కాగితం

మొదట కోత చూడండి. కట్టలోంచి రెండు షీట్లు తీయండి, ఒకదాన్ని పుస్తకం పేజీ తిప్పినట్టు వెనక్కి తిప్పి రెండోదాని మీద పెట్టండి, ఒక పొడుగు అంచు కలిపి పట్టుకుని మిగతా అంచులు చూడండి. మూలమట్టంగా కోసి ఉంటే నాలుగు వైపులా కలుస్తాయి. కలవకపోతే కోత వంకర, పైగా మీకు కనిపించే తేడా అసలు తేడాకి రెట్టింపు ఉంటుంది కాబట్టి చిన్న తప్పు కూడా దొరికిపోతుంది. కటింగ్ మెషీన్ బ్లేడు మొండిదైతే ఇంకో రోగం వస్తుంది, కట్ట పైన ఉన్న షీట్లకీ అడుగున ఉన్నవాటికీ పొడవులో తేడా వచ్చేస్తుంది. అలాంటి కట్టకి పొద్దున చేసిన సెట్టింగ్ మధ్యాహ్నానికి పనికిరాదు, అప్పుడు మెషీన్‌ని తిట్టుకుంటూ కూర్చుంటాం. పైనుంచి ఒకటి, మధ్యలోంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడటానికి అర నిమిషం పడుతుంది.

తర్వాత గ్రెయిన్. కాగితం మిల్లులో తయారయ్యేటప్పుడు పీచులో ఎక్కువ భాగం మెషీన్ నడిచే దిక్కుకే సర్దుకుంటుంది. వెదురు బద్దని నిలువుగా చీలిస్తే సాఫీగా చీలుతుంది, అడ్డంగా విరిస్తే పేళ్లు లేస్తాయి, కాగితమూ అంతే. గ్రెయిన్ వెంట మడిస్తే నున్నగా పడుతుంది, దానికి అడ్డంగా మడిస్తే మందం కాగితం చిట్లుతుంది, మడత దగ్గర రంగు పగిలి తెల్లటి గీత కనిపిస్తుంది. ఎటు ఉందో తెలుసుకోవాలంటే ఒక షీటు చింపండి, తిన్నగా చినిగిన దిక్కు గ్రెయిన్. చింపడం ఇష్టం లేకపోతే చిన్న ముక్కకి ఒకవైపు తడి రాయండి, చుట్టుకుంటుంది, ఆ చుట్ట గొట్టం ఎటు పొడుగ్గా ఉందో గ్రెయిన్ అటు ఉన్నట్టు.

మా దగ్గర బైండింగ్‌కి వచ్చే పెద్దాయన ఒకరున్నారు, అందరం బాబాయి అంటాం. ఆయనకి తడీ అక్కర్లేదు, చింపడమూ అక్కర్లేదు. షీటుని రెండు చేతుల్లో పట్టుకుని పొడుగునా ఒకసారి, వెడల్పునా ఒకసారి వంచి, "ఇది అడ్డం కోసుకొచ్చావురా, మడత పగుల్తది" అనేస్తారు. తేలిగ్గా లొంగినప్పుడు ఆ వంపు గీత ఏ దిక్కున ఉందో గ్రెయిన్ అటు. నేను ఆ విద్య పట్టుకోవడానికి రెండు మూడేళ్లు పట్టింది, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) మ్యాప్‌లితోలో, అంటే పూత లేని మామూలు అచ్చు కాగితంలో, ఇప్పటికీ ఒక్కోసారి తప్పుతాను.

ఏ4 ని మూడు రెక్కలుగా మడిచే కరపత్రం సంగతి తీసుకుందాం. మడతలు 210 మిల్లీమీటర్ల అంచుకి సమాంతరంగా పడతాయి, అంటే గ్రెయిన్ కూడా ఆ 210 దిక్కునే ఉండాలి. బజార్లో రీముగా దొరికే ఏ4 జిరాక్స్ కాగితంలో మామూలుగా అది 297 దిక్కున ఉంటుంది. 70, 80 జీఎస్‌ఎంలో దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు, ఎలా మడిచినా వింటుంది. 130 ఆర్ట్ పేపర్ (నునుపు పూత ఉన్న కాగితం) దగ్గర తేడా కంటికి కనిపిస్తుంది. అందుకే పెద్ద షీటులోంచి కోయించే పనైతే కోయించే ముందే చెప్పండి, కోశాక ఏమీ చేయలేం. 170 జీఎస్‌ఎం దాటితే ముందు క్రీజింగ్, అంటే మడత పడే చోట నొక్కుడు గీత, వేయించి చేత్తో మడవడమే మేలు. క్రీజింగ్ వేస్తే ఒకవైపు గాడి, రెండోవైపు గట్టులా లేస్తుంది, ఆ గట్టు మడత లోపలికి రావాలి. చాలామంది గాడిని లోపల పెట్టి మడుస్తారు, పగిలేది అప్పుడే. టేబుల్ మెషీన్ ఎంత మందం వరకు తీసుకుంటుందో దాని మాన్యువల్లో రాసి ఉంటుంది, ఆ అంకెని గౌరవించండి, సరిగ్గా అంచు మీద పని పెట్టుకోకండి.

చెమ్మ. విజయవాడలో వానాకాలం రీము విప్పి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి అంచులు అలలుగా లేచి ఉంటాయి, అది తిన్నగా లోపలికి వెళ్లదు. కవరు విప్పకుండా మెషీన్ ఉన్న గదిలోనే ఒకరోజు ఉంచండి, గది వేడికీ గాలికీ అలవాటు పడుతుంది, విప్పాక ఆ రోజే వాడేయండి, మిగిలింది మళ్లీ చుట్టేయండి. పొడి రోజుల్లో దీనికి తిరగబడి ఉంటుంది, షీట్లు స్టాటిక్‌తో ఒకదానికొకటి అతుక్కుని జంటలు జంటలుగా లోపలికి పోతాయి. గదిలో తడిగుడ్డతో నేల తుడిచి, కట్టని బాగా దులిపితే చాలావరకు సర్దుకుంటుంది.

ఆఖరిది ఇంకు. ఆఫ్‌సెట్‌లో అచ్చయిన పనిని అదే రోజు మడవమని పార్టీ, అంటే పని ఇచ్చినవాడు, తొందరపెడతాడు. ముదురు నీలం, నలుపు నిండుగా ఉన్న షీటుని పచ్చి మీద మడిస్తే రంగు రోలర్‌కి అంటుతుంది, రోలర్ నుంచి తర్వాతి షీటు మీద తెల్ల జాగాకి అంటుతుంది. ఒకరోజు ఆరనివ్వండి. కుదరదంటే ముందు పది షీట్లు నడిపి, వేలితో రుద్ది చూసి, పార్టీకి చూపించి, ఒప్పుకున్నాకే మిగతాది నడపండి. లేజర్ ప్రింటయితే ఆరే సమస్య లేదు కానీ మడత మీద నిండుగా రంగు ఉంటే టోనరు పెచ్చులా రాలుతుంది. ఇది మెషీన్‌తో పోదు, డిజైన్ చేసేవాళ్లే మడత పడే చోట నిండు రంగు తగ్గించుకోవాలి.

కొలతలు

ఏ4 పొడవు 297. దాన్ని మూడుతో భాగిస్తే 99. డీటీపీలో చాలామంది 99, 99, 99 అని గీతలు గీసేస్తారు, అక్కడే తప్పు మొదలవుతుంది. ఉత్తరం మడిచినట్టు ఒక రెక్క లోపలికి వెళ్లే మడతలో, మేం సీ మడత అంటాం, లోపలికి వెళ్లే రెక్క మిగతా రెండింటికన్నా కాస్త చిన్నగా ఉండాలి, లేకపోతే అది మడత మూలకి తగిలి ముడుచుకుంటుంది. 100, 100, 97 పెట్టుకోండి. బయటివైపు పేజీలో ఎడమ నుంచి 97, 100, 100 వస్తుంది, కుడి చివరది ముఖచిత్రం. లోపలివైపు పేజీకి 100, 100, 97. రెండు వైపులా ఒకే వరసలో పెట్టి పంపిన ఫైళ్లు నా దగ్గరికి వారానికొకటి వస్తాయి.

ఇప్పుడు మెషీన్ మీద. సీ మడతకి మొదటి ప్లేటు 200, రెండో ప్లేటు 100. షీటు ముందు అంచు నుంచి 200 దగ్గర మొదటి మడత, వెనక మిగిలేది 97, అదే లోపలికి వెళ్లే రెక్క. కాబట్టి షీటులో చిన్న రెక్క ఉన్న అంచు వెనక ఉండేలా పేర్చాలి.

జెడ్ మడతకి, అంటే జిగ్‌జాగ్‌లా విప్పుకునేదానికి, రెండు ప్లేట్లూ 99. ఇక్కడ ఏ రెక్కా లోపలికి వెళ్లదు కాబట్టి సమానంగానే ఉండొచ్చు.

సగానికి మడవాలంటే మొదటిది 148.5, రెండో ప్లేటు మూసేయాలి. కొన్ని మెషీన్లలో ప్లేటుని తీసి తిప్పి పెడితే మూసుకుంటుంది, కొన్నింట్లో చిన్న లివర్ ఉంటుంది. ఇది మర్చిపోతే సగం మడిచిన షీటు రెండో ప్లేటులోకి దూరి ఇంకో మడత వేసుకుని వస్తుంది.

సగానికి సగం, అంటే నాలుగు పొరల మడతకి 148.5, తర్వాత 74కి అటూ ఇటూ. తలుపులు తెరిచినట్టు రెండు రెక్కలు మధ్యలో కలిసే గేటు మడతకి మొదటిది 223, రెండోది 149. అప్పుడు రెక్కలు చెరో 74 వస్తాయి, మధ్యలో ఒక మిల్లీమీటరు సందు మిగులుతుంది, ఆ సందు కావాలి, లేకపోతే రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

ప్లేట్ల మీద కంపెనీ వేసిన గుర్తులుంటాయి, ఏ4 సీ, ఏ4 జెడ్ అని. అవి మొదలుపెట్టడానికి మాత్రమే. అసలు కొలత మీ కాగితమే చెప్పాలి.

షీటు ముఖం పైకి పెట్టాలా కిందికా, తల ముందుకా వెనక్కా అన్నది ఒక్కో మెషీన్‌కి ఒక్కోలా ఉంటుంది. బుర్ర బద్దలు కొట్టుకోకండి. తెల్లకాగితం మీద పెన్నుతో "పైవైపు" అని రాసి, ముందు అంచు దగ్గర బాణం గీసి, లోపలికి పంపండి. బయటకొచ్చాక ఆ రాత ఏ రెక్క మీద ఉందో, బాణం ఎటు తిరిగిందో చూస్తే లెక్క తెలిసిపోతుంది. నేనైతే ఆ షీటుని ప్రతి మడతకీ ఒకటి చొప్పున మెషీన్ పక్క గోడకి అంటించేశాను, కొత్త కుర్రాడొచ్చినా నన్ను అడగక్కర్లేదు.

సెట్టింగ్

పక్క గైడ్లు ముందు. కాగితం పెట్టి రెండు వైపులా గైడ్లు ఆనించండి, బిగించకండి. షీటు స్వేచ్ఛగా కదలాలి కానీ పక్కకి ఊగకూడదు. బిగిస్తే షీటు మధ్యలో వంగి లేస్తుంది, వదులైతే వంకరగా వెళ్తుంది.

తర్వాత సెపరేటర్, అంటే ఫీడ్ రోలర్ కింద ఉన్న చిన్న రబ్బరు దిమ్మ. షీట్లు ఒక్కొక్కటిగా వెళ్లేలా చూసేది ఇదే. మీరు మడవబోయే కాగితంలోంచే ఒక పట్టీ కోసి రోలర్‌కీ దిమ్మకీ మధ్య పెట్టి లాగండి. కొంచెం పట్టు తెలుస్తూ జారాలి. రెండు పట్టీలు కలిపి పెడితే దూరకూడదు. జంటలు వస్తుంటే సందు తగ్గించండి, షీటే లోపలికి వెళ్లకపోతే సందు పెంచండి, ప్రతిసారీ కొంచెమే, మరలో (స్క్రూలో) పావు చుట్టు. మందం మారినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాలి, 70 మీద చేసిన సెట్టింగ్‌తో 130 నడపాలని చూస్తే షీటు అక్కడే జారుతూ నిలబడి రోలర్ మచ్చ పడుతుంది.

కాగితం పేర్చే ముందు దులపండి. కట్టని ఒక చివర పట్టుకుని విసనకర్రలా విప్పి గాలి దూరనిచ్చి, నాలుగు అంచులూ బల్లకి కొట్టి సమం చేసి, తర్వాత ముందు అంచుని వేళ్లతో తోసి చీట్లపేక పరిచినట్టు మెట్లు మెట్లుగా వాల్చి పెట్టండి, పై షీటు అందరికన్నా ముందు ఉండేలా. ఇది చేసే ఓపిక లేకే చాలామంది జంటలతో బాధపడతారు.

ఇప్పుడు ఒక్క షీటు. చేతి చక్రంతో గానీ తక్కువ వేగంతో గానీ. బయటకొచ్చినదాన్ని బల్ల మీద పెట్టి కొలవండి. సెట్టింగ్ కుదిరిందో లేదో సగం మడత అన్నిటికన్నా బాగా చెబుతుంది, అందుకే వేరే మడత చేయాల్సి ఉన్నా మొదట సగానికి మడిచి చూడటం నాకు అలవాటు. రెండు అంచులూ సమాంతరంగా ఉండి ఒకటి పొడుగు ఒకటి పొట్టి ఉంటే అది కొలత తేడా. రెండు మిల్లీమీటర్ల తేడా కనిపిస్తే స్టాపర్‌ని జరపాల్సింది ఒక్క మిల్లీమీటరే, ఎందుకంటే ఒక సగం ఎంత పెరిగితే రెండోది అంత తగ్గుతుంది. ఇది తెలియక రెండూ జరిపేసి, అటు తప్పి, ఇటు తప్పి, గంట పోగొట్టుకున్నవాణ్ణి నేనే. ముందు వెళ్లిన సగం పొడుగైతే స్టాపర్ దగ్గరికి, పొట్టి అయితే దూరానికి.

అంచులు సమాంతరంగా లేకుండా ఒక మూల కలిసి ఇంకో మూల విడిపోయి ఉంటే అది వంకర. ఇక్కడే ఆగండి, మర ముట్టుకోకండి. అదే కట్టలోంచి ఇంకో షీటు తీసి, ముఖం కిందికి తిప్పి, ముందు అంచు ముందుకే ఉంచి పంపండి. వంకర మళ్లీ అదే వైపు వస్తే తప్పు మెషీన్‌ది, గైడ్లు సర్ది, తర్వాత ప్లేటు దగ్గరుండే వంకర సర్దే మర తిప్పండి. షీటు తిప్పగానే వంకర కూడా అటుది ఇటు మారితే తప్పు కోతది, మెషీన్‌ని ఎంత సర్దినా ఉపయోగం లేదు, కాగితాన్ని మళ్లీ కటింగ్‌కి పంపండి.

మొదటి మడత కుదిరాకే రెండో ప్లేటు తెరవండి. రెండూ ఒకేసారి సర్దితే ఏది దేనివల్ల మారిందో తెలియదు.

వేగం, టీ బ్రేకు

ఒక కాలేజీ ప్రాస్పెక్టస్ పని. 130 ఆర్ట్ పేపరు, నాలుగు వేలు. నేను మెల్లగా నడిపి సెట్ చేశాను, పది షీట్లు చూశాను, అద్భుతంగా ఉన్నాయి. సాయంత్రానికి ఇవ్వాలి కదా అని వేగం పెంచేసి టీకి వెళ్లాను. వచ్చేసరికి ట్రే నిండి పొర్లుతోంది. ఒకటి తీసి చూస్తే మడత రెండు మూడు మిల్లీమీటర్లు జరిగింది, సరిగ్గా ఫోన్ నంబరు వరస మీద కూర్చుంది, నంబరు సగం ఒక రెక్క మీద సగం ఇంకో రెక్క మీద. మడత వేసిన ఆర్ట్ పేపరుని విప్పి మళ్లీ మడిస్తే పాత గీత పోదు. ఆ ట్రే మొత్తం నా ఖర్చుతో మళ్లీ అచ్చు వేయించాను.

జరిగింది ఏంటంటే, వేగం పెరిగితే షీటు స్టాపర్‌కి గట్టిగా తగులుతుంది, ఉబ్బు పడే తీరు మారుతుంది, కొలత జరుగుతుంది. కాబట్టి ఏ వేగంతో నడుపుతారో ఆ వేగంలోనే ఆఖరి సెట్టింగ్ చేయండి. తెల్లకాగితంతో కాదు, అచ్చయిన అసలు షీటుతోనే, అందుకోసం అచ్చు వేసేటప్పుడే యాభై ఎక్కువ వేయించుకోండి. నడుస్తున్నప్పుడు రెండు వందలకొకసారి ఒకటి తీసి వెలుతురులో పట్టి చూడండి. రోలర్లు వేడెక్కాక, కట్ట మారాక కూడా ఒకసారి.

కౌంటర్ సంగతి మర్చిపోకండి, అది చిత్తు షీట్లని కూడా లెక్కపెడుతుంది, జంటగా వెళ్లినవాటిని ఒకటిగా లెక్కపెడుతుంది. సెట్టింగ్ అయ్యాక సున్నా చేసి మొదలుపెట్టండి, పార్టీకి ఇచ్చే ముందు ఒక కట్టయినా చేత్తో లెక్కపెట్టండి.

ఎన్నికల సీజన్లో కరపత్రాల పని మీద పడుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951, సెక్షన్ 127ఏ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద ముద్రించినవాళ్ల, ప్రచురించినవాళ్ల పేరూ చిరునామా ఉండాలి. ఆ చిన్న వరసని డిజైనర్లు ఎప్పుడూ కాగితం అడుగంచుకి నెట్టేస్తారు, ఫైనల్ కటింగ్‌లో అది ఎగిరిపోయిందంటే మెడకి చుట్టుకునేది ప్రెస్సువాళ్లకే. మడిచేటప్పుడు ఒకసారి కంటితో చూసుకోండి.

ఇరుక్కుంటే

ముందు ప్లగ్గు తీయండి, స్విచ్ ఆపడం చాలదు. ప్లేట్లు బయటికి లాగి, చేతి చక్రం తిప్పుతూ కాగితాన్ని అది వెళ్లే దిక్కునే తీయండి. స్క్రూడ్రైవరు, బ్లేడు, కత్తెర రబ్బరు మీద పెట్టొద్దు, ఒక్క గాటు పడితే ప్రతి షీటు మీదా ఆ గాటు ముద్ర కనిపిస్తుంది. చినిగిన ముక్కలన్నీ బల్ల మీద పేర్చి షీటు పూర్తయిందా లేదా చూడండి. ఒక మూల, గోరంత ముక్క తగ్గినా అది లోపలే ఉన్నట్టు, తర్వాతి షీటు దానికే తగిలి ఇరుక్కుంటుంది. ప్లేటు లోపలికి టార్చి వేస్తే సాధారణంగా స్టాపర్ మూలలో దొరుకుతుంది.

షీటు ప్లేటులో మడతల విసనకర్రలా ముడుచుకుపోయి వస్తుంటే ముందు అంచు చూడండి, మూల మడతపడి ఉన్నా, అంచు పైకి లేచి ఉన్నా అలాగే అవుతుంది. కాగితాన్ని తిప్పి పెడితే వంపు అటుది ఇటు మారి కొన్నిసార్లు దారికొస్తుంది. ఒకసారి మడిచినదాన్ని తిప్పి అడ్డంగా ఇంకో మడత వేసేటప్పుడు లోపల గాలి చిక్కుకుని మూలలో ముడతలొస్తాయి, మొదటి మడతని బాగా ఒత్తి, వేగం తగ్గించి నడపండి, అయినా వస్తే ఆ కాగితం అడ్డమడతకి మందం ఎక్కువైనట్టే.

పొద్దున బాగా నడిచి మధ్యాహ్నానికి షీట్లు జారడం మొదలైతే ఫీడ్ రోలర్ మీద పొడి పేరుకుంది. కాగితం దుమ్ము, ఆఫ్‌సెట్‌లో షీట్లు అంటుకోకుండా చల్లే పౌడరు, రెండూ కలిసి రబ్బరుని నున్నగా చేసేస్తాయి. ప్లగ్గు తీసి, నూగు రాలని మెత్తటి గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం అద్ది, చక్రం తిప్పుతూ తుడవండి, పూర్తిగా ఆరాకే నడపండి. ప్రెస్సుల్లో చేతికందే కిరోసిన్, పెట్రోలు, థిన్నరు మాత్రం వద్దు. ఇంకు పోతుంది, నిజమే, రబ్బరు కూడా ఉబ్బి పాడవుతుంది. సెపరేటర్ దిమ్మ కూడా అరిగే వస్తువే, మధ్యలో గుంట పడితే ఎంత సర్దినా జంటలే, కొనేటప్పుడే ఒకటి అదనంగా తీసుకోండి.

మడిచినవి

బయటకొచ్చిన మడతలు ఉబ్బి ఉంటాయి. వందేసి చొప్పున, ఒక కట్ట అటు ఒక కట్ట ఇటు తిప్పి పేర్చి, పైన చెక్క పెట్టి, దాని మీద రెండు రీములు బరువుంచి రాత్రంతా వదిలేయండి, పొద్దున డబ్బాలో సగం జాగాలో సర్దుకుంటాయి. కట్టలకి రబ్బరు బ్యాండ్లు వేయకండి, పైదానికీ కిందిదానికీ అంచుల్లో గాటు పడుతుంది, ఎండాకాలమైతే కరిగి అతుక్కుంటుంది. చిత్తు షీటులోంచే రెండంగుళాల పట్టీ కోసి చుట్టి చివర గమ్ము పెట్టండి, ఎలాగూ మొదటి యాభై చిత్తు మీ దగ్గర ఉంటుందిగా.